ఐర్లాండ్ పల్లెలో ఉంటే 75 లక్షలు ఇస్తారా? ఆలహీస్ ఊరి కథలో ఉన్న జవాబు

క్లుప్తంగా: ఐర్లాండ్ ప్రభుత్వం ఇచ్చేది పాడుబడిన ఇంటిని బాగు చేసుకోవడానికి గ్రాంటు. ఊరికి వచ్చి ఉన్నందుకు ఇచ్చే డబ్బు కాదు, వీసాతో దానికి సంబంధమూ లేదు. ఆ ఇళ్లు అసలెందుకు ఖాళీ అయ్యాయో తెలియాలంటే నైరుతి ఐర్లాండ్‌లోని ఆలహీస్ అనే చిన్న ఊరు చూడాలి. ఆ ఊరికి జనాన్ని తెచ్చింది రాగి. తీసుకుపోయిందీ రాగే.

వార్తలో ఒకటి, పథకంలో మరొకటి

2023 జూన్‌లో ఐర్లాండ్ ప్రభుత్వం తన దీవుల కోసం పదేళ్ల ప్రణాళిక ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే "ఐర్లాండ్ దీవికి వెళ్లి ఉంటే 84 వేల యూరోలు" అంటూ ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. అప్పటి మారకం రేటులో అది దాదాపు 75 లక్షల రూపాయలు. భారతీయ మీడియాలోనూ ఆ కథ బాగా తిరిగింది. సముద్రం ఒడ్డున రంగురంగుల ఇళ్ల ఫొటో, కింద లక్షల అంకె ఉంటే ఎవరికైనా క్లిక్ చేయాలనే ఉంటుంది మరి.

పథకం మాత్రం వేరు. ఐర్లాండ్ అంతటా ఖాళీ ఇళ్ల మరమ్మతుకు ఒక గ్రాంటు ఉంది. ఇల్లు 2008కి ముందు కట్టినదై ఉండాలి, కనీసం రెండేళ్లుగా ఖాళీగా ఉండాలి. దరఖాస్తు చేసేవాళ్లు దాని యజమానులై ఉండాలి, లేదా కొనే ప్రయత్నంలో ఉన్నట్టు చూపించాలి. బాగు చేశాక అందులో తాము ఉండాలి, లేదంటే అద్దెకివ్వాలి. మామూలు ఖాళీ ఇంటికి 50,000 యూరోల వరకు, కూలిపోయే స్థితిలో ఉన్నదానికి 70,000 వరకు ఇస్తారు. దీవుల్లో పని ఖర్చు ఎక్కువ కాబట్టి 20 శాతం కలిపి 60,000, 84,000 చేశారు. వైరల్ అయిన అంకె ఇదే. ఇది గరిష్ఠ పరిమితి, అదీ శిథిలమైన ఇంటికి మాత్రమే.

డబ్బు ముందుగా చేతికి రాదు. పని అయ్యాక, స్థానిక కౌన్సిల్ వాళ్లు వచ్చి చూశాక ఇస్తారు. ఐదేళ్లలోపు అమ్మేస్తే గ్రాంటు మొత్తం తిరిగి కట్టాలి, ఐదు నుంచి పదేళ్ల మధ్య అయితే 75 శాతం కట్టాలి. విదేశీయులకు దీనివల్ల నివాస హక్కు రాదని ప్రభుత్వం విడిగా వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

వార్త తప్పేమిటో దీంతో తేలిపోయింది. కానీ దాని వెనకున్న ప్రశ్న అలాగే ఉంది. 2022 జనగణన నాటికి ఐర్లాండ్‌లో సుమారు 1 లక్షా 66 వేల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. సెలవుల్లో వాడుకునే మరో 67 వేల ఇళ్లను ఈ లెక్కలో కలపలేదు. అదే సమయంలో డబ్లిన్‌లో అద్దె ఇల్లు దొరకడమే గగనం. ఇళ్లు ఒకచోట, మనుషులు మరోచోట ఎలా పడ్డారు?

కరువుతో ఆగిపోయే జవాబు

ఐర్లాండ్ పల్లెలు ఎందుకు పలచబడ్డాయని అడిగితే అందరూ చెప్పే జవాబు బంగాళాదుంప కరువు. అది అబద్ధం కాదు. 1845లో మొదలైన తెగులుకు తర్వాతి ఏళ్లలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షలకు పైగా ఓడలెక్కి వెళ్లిపోయారు. 1841లో ఐర్లాండ్ ద్వీపం మొత్తం మీద 81 లక్షలకు పైగా జనం ఉండేవారు. ఉత్తర, దక్షిణ భాగాలు రెండూ కలిపినా ఇప్పటికీ ఆ సంఖ్య దాటలేదు. దక్షిణాన ఉన్న రిపబ్లిక్ జనాభా 50 లక్షలు దాటినట్టు 2022 లెక్కల్లో కనిపించింది. 1851 తర్వాత జనగణనలో ఆ అంకె కనబడడం అదే మొదటిసారి.

అయితే కరువు ఒక్కదానితో అంతా తేల్చేస్తే ఆలహీస్ లాంటి ఊళ్లు అర్థం కావు. కరువు వెళ్లిపోయిన పదేళ్లకు కూడా అక్కడ కొత్త యంత్రాలు దిగాయి, కొండ మీద కొత్త కట్టడాలు లేచాయి. ఊరు కుప్పకూలింది ఆ తర్వాత, ఇంకో కారణంతో.

కార్క్ కౌంటీలో, అట్లాంటిక్‌లోకి పొడుచుకు వచ్చిన బేరా ద్వీపకల్పం చివర ఈ ఊరుంది. ఒకే వీధి, ఎరుపు, పసుపు, నీలం రంగులు వేసిన ఇళ్లు, వెనక బోడి రాతి కొండ, ముందు సముద్రం. పోస్ట్‌కార్డు కోసం కట్టినట్టే ఉంటుంది. తరతరాలుగా గొర్రెలు మేపుకుంటూ బతికిన ఊరనే అనుకుంటారు చూసినవాళ్లు. కొండ మీదికి కళ్లెత్తితే మాత్రం పొగగొట్టం ఉన్న పెద్ద రాతి కట్టడం ఒకటి కనిపిస్తుంది. పల్లెలో ఫ్యాక్టరీ గొట్టానికి పనేమిటి? అక్కడి నుంచే అసలు కథ.

కొండలో పచ్చ మరక

బేరా ఒకప్పుడు ఓసలివాన్ బేర్ వంశం ఏలుబడిలో ఉండేది. 1602లో ఇంగ్లిష్ సేన డన్‌బాయ్ కోటను కూలగొట్టింది. ఆ ఏడాది డిసెంబర్ 31న ఆ వంశం వాళ్లు, వాళ్ల మనుషులు దాదాపు వెయ్యి మంది చలిలో ఉత్తరానికి కాలినడకన బయలుదేరితే లీట్రిమ్ చేరింది 35 మంది. ఆ ప్రాంతంలో భూమి తర్వాతి కాలంలో పక్స్‌లీ అనే కుటుంబం చేతికి వచ్చింది. 1812లో జాన్ లవాలిన్ పక్స్‌లీ ఆలహీస్ దగ్గర రాగి గనులు తెరిచాడు.

రాగి ఉన్న రాయి మీద గాలి, తేమ తగిలితే పచ్చటి మరక పడుతుంది. గుడిలో పాత రాగి చెంబు అంచున పట్టే చిలుమును పోలిన రంగే. ఆలహీస్ కొండల్లో ఆ మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాగి తెల్లటి క్వార్ట్జ్ రాతి పొరల్లో ఇరుక్కుని ఉండేది. పేల్చి, పైకి తెచ్చి, సుత్తులతో కొట్టి, నీళ్లలో కడిగి వేరు చేయాలి. కొట్టే పని, ఏరే పని ఆడవాళ్లది, పిల్లలది.

ఖనిజాన్ని అక్కడ కరిగించలేదు. ఒక టన్ను రాగి తీయాలంటే ఎన్నో టన్నుల బొగ్గు కాల్చాలి, ఆలహీస్‌లో బొగ్గు లేదు. అందుకని బొగ్గు దగ్గరికే ఖనిజాన్ని పంపేవాళ్లు. సముద్రానికి అవతల వేల్స్‌లోని స్వాన్సీకి ఓడల్లో రాయి వెళ్లేది, అటునుంచి ఆవిరి ఇంజిన్ల కోసం బొగ్గు వచ్చేది. కార్న్‌వాల్ నుంచీ, క్యూబా నుంచీ, చిలీ నుంచీ వచ్చే రాయి కూడా స్వాన్సీకే చేరేది. దాంతో ఆలహీస్ కూలీ పొద్దున్నే కొండెక్కుతాడా లేదా అన్నది, అతను పేరు కూడా వినని దేశాల్లో దొరికే ఖనిజం ధరతో ముడిపడింది. ఆ ఊరికి ప్రపంచ మార్కెట్ తెలిసింది ఇప్పుడు కాదు, రెండు వందల ఏళ్ల కిందటే.

నిచ్చెనకు బదులు కదిలే దూలం

గని లోతుకు వెళ్లేకొద్దీ రెండు సమస్యలు వస్తాయి. ఒకటి నీళ్లు, రెండోది మనుషులు. నీళ్లను ఆవిరి పంపులు తోడేవి. మనుషులు మాత్రం నిచ్చెనల మీదే దిగి ఎక్కాలి. మౌంటెన్ మైన్ అనే ప్రధాన గని చివరికి 400 మీటర్లకు పైగా దిగింది. దినమంతా రాయి కొట్టినవాడు ఇంటికి వెళ్లాలంటే చీకట్లో ఒక కొండంత ఎత్తు నిచ్చెన ఎక్కాలన్నమాట.

దీనికి 1862లో పెట్టిన పరిష్కారమే ఆ పొగగొట్టం కట్టడం. దాని పేరు మ్యాన్ ఇంజిన్. గని గొయ్యిలోకి పైనుంచి కింది దాకా ఒక పొడవాటి దూలం దింపుతారు. దానికి కొన్ని అడుగులకు ఒకటి చొప్పున చిన్న మెట్లుంటాయి. గొయ్యి గోడకు కూడా అంతే దూరంలో పలకలు బిగించి ఉంటాయి. ఆవిరి ఇంజిన్ ఆ దూలాన్ని పైకి లేపుతుంది, కిందికి దించుతుంది, అంతే. కార్మికుడు దూలం మెట్టు మీద నిలబడతాడు. దూలం పైకి లేచి ఆగిన క్షణంలో పక్కనున్న పలక మీదికి అడుగేస్తాడు. దూలం కిందికి దిగి ఆగేసరికి దాని తర్వాతి మెట్టు తన ముందుంటుంది, దాని మీదికి మారతాడు. అలా ఒక్కో అడుగూ మారుతూ పైకి వస్తాడు.

అడుగు వేసే క్షణం తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1919లో కార్న్‌వాల్‌లోని లెవాంట్ గనిలో ఇలాంటి యంత్రమే విరిగిపడి 31 మంది చనిపోయారు. అయినా అప్పటి యజమానులకు లెక్క కుదిరింది. నిచ్చెన ఎక్కే గంట మిగిలితే అది రాయి కొట్టే గంట అవుతుంది.

కార్న్‌వాల్ వాళ్లు, స్థానికులు

ఈ యంత్రాలు, పంపులు, లోతు గనుల పని తెలిసినవాళ్లు ఇంగ్లండ్ కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి వచ్చారు. మేస్త్రీలు, ఇంజిన్ నడిపేవాళ్లు వాళ్లే. కూలి ఎక్కువ, ఇళ్లు వేరు. వాళ్లు మెథడిస్టులు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ), ఊరు క్యాథలిక్. 1845లో వాళ్ల కోసం ఒక చిన్న చర్చి కట్టారు. అదే ఏడాది బంగాళాదుంపకు తెగులు వచ్చింది. పొలం ముక్కలో దుంప పండితే కూలి డబ్బు అద్దెకు సరిపోతుంది. దుంప పోతే ఆ కూలి తోనే తిండీ కొనుక్కోవాలి. గని ఉన్నా ఆకలి తప్పలేదనడానికి కారణం ఇదే.

కార్న్‌వాల్ గని కార్మికులు ఆ శతాబ్దంలో తిరగని చోటు లేదు. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ నడిపిన కోలార్ బంగారు గనులకు కూడా వాళ్లు వచ్చారు. చిత్తూరు సరిహద్దు ఊళ్ల వాళ్లకు కోలార్ పరాయి చోటు కాదు. 2001లో ఆ గనులు మూసేశాక కాలనీలకు ఏమైందో చూసినవాళ్లకు ఆలహీస్ కథలో తర్వాతి భాగం ఊహించడం కష్టం కాదు. వ్యవసాయం మీద నడిచే ఊరు తరాల మీద మెల్లగా పలచబడుతుంది. గని ఊరు ఒక్క నోటీసుతో ఖాళీ అవుతుంది.

ధరను పడగొట్టిన చేతులు

చిలీ నుంచి, తర్వాత అమెరికా నుంచి చవక రాగి వచ్చి పడింది. లోతు పెరిగేకొద్దీ ఆలహీస్‌లో ఖర్చు పెరిగింది, ధర మాత్రం తగ్గింది. 1860ల చివర్లో పక్స్‌లీలు గనులను అమ్ముకున్నారు. 1884లో మూతపడ్డాయి. తర్వాత ఒకటి రెండు సార్లు తెరవాలని చూశారు గానీ నిలబడలేదు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే విచిత్రంగా ఉంటుంది. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. వైర్ల కోసం ప్రపంచానికి మునుపెన్నడూ లేనంత రాగి కావలసి వచ్చిన కాలం అది. అలాంటప్పుడు ఒక రాగి ఊరు మూతపడడమేమిటి? సరిగ్గా అదే ఏడాది అమెరికాలోని మోంటానాలో, బట్ అనే కొండ ఊళ్లో, అనకొండ గనిలో భారీ రాగి పొర తగిలింది. ఆ గని వెనకున్న మార్కస్ డేలీ ఐర్లాండ్‌లోని కావన్ కౌంటీలో పుట్టినవాడే. రాగికి గిరాకీ పెరిగినా, సరఫరా అంతకంటే వేగంగా పెరిగింది.

పని పోయిన ఆలహీస్ వాళ్లు అక్కడికే వెళ్లారు. చేతిలో ఉన్న విద్య రాగి తవ్వడం, మరింకెక్కడికి వెళ్తారు? ముందు వెళ్లినవాడు టికెట్ డబ్బులు పంపేవాడు, తమ్ముడో మేనల్లుడో బయలుదేరేవాడు. 1900 నాటికి బట్ జనాభాలో దాదాపు నాలుగో వంతు ఐరిష్ మూలాలవాళ్లు. బేరా నుంచి వెళ్లిన ఓసలివాన్లు, హారింగ్టన్లు అక్కడ లెక్కలేనంత మంది. సొంత ఊరి గనిని మూయించిన రాగిని తవ్వింది ఆ ఊరి చేతులే. 1917లో బట్‌లోని స్పెక్యులేటర్ గనిలో మంటలు రేగి 168 మంది చనిపోయారు, వాళ్లలో ఐరిష్ వాళ్లు చాలామంది.

ఇంటిపేర్ల సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. బేరాలో ఓసలివాన్, హారింగ్టన్ అంటే ఎవరో తేలదు, సగం ఊరు వాళ్లే. అందుకని ఒక్కో శాఖకు ఒక్కో అదనపు పేరు ఉంటుంది. తాత పేరో, రూపమో, ఏదో పాత సంఘటనో దానికి మూలం. అధికారిక కాగితాల్లో ఆ పేరు ఉండదు, ఊళ్లో మాత్రం అది లేకుండా పని నడవదు. ఊళ్లో ఒకే పేరున్న ముగ్గురిని "బావి దగ్గర సుబ్బయ్య", "పొడుగు సుబ్బయ్య" అని విడదీసి పిలుచుకునే మనవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

గని వదిలి వెళ్లినవి

ఊరి కింద బాలీడొనెగన్ అనే బీచ్ ఉంది. వేసవిలో వచ్చేవాళ్లంతా ముందు అక్కడికే వెళ్తారు. ఆ ఇసుక ఒక గుప్పెడు తీసి చూస్తే మామూలు సముద్రపు ఇసుకకన్నా గరుకుగా, తెల్లటి రాతి పొడిలా ఉంటుంది. అది రాతి పొడే. రాగి వేరుచేశాక మిగిలిన క్వార్ట్జ్‌ను దంచి వదిలేస్తే, కొండ వాగు దశాబ్దాల పాటు దాన్ని ఈ తీరానికి మోసుకొచ్చింది. ఆ ఊరికి గని ఇచ్చిన వాటిలో ఇప్పటికీ నాలుగు డబ్బులు తెచ్చేది ఈ వ్యర్థమే అనుకుంటే తప్పేం కాదు.

కార్న్‌వాల్ వాళ్ల చర్చి ఇప్పుడు గనుల మ్యూజియం. 2007లో తెరిచారు. పక్స్‌లీల భవనాన్ని 1921లో, స్వాతంత్ర్య పోరాటం సాగుతున్నప్పుడు, బ్రిటిష్ పాలనపై పోరాడుతున్న సాయుధ దళం ఐఆర్‌ఏ తగలబెట్టింది. ఊరికి దగ్గర్లో ఒక బండ కింద, ఐరిష్ పురాణ కథలోని లిర్ పిల్లల సమాధి ఉందని స్థానికులు చెబుతారు. సవతి తల్లి శాపంతో తొమ్మిది వందల ఏళ్లు హంసలుగా తిరిగిన పిల్లలు వాళ్లు, అందుకే ఆ బండ మీద నాణేలు పెట్టి వెళ్తారు. గని మ్యూజియం చూడ్డానికి వచ్చి ఈ బండ దగ్గర ఎక్కువసేపు ఉండేవాళ్లూ ఉంటారు.

ఇప్పటి ఊరు దేనిమీద నడుస్తోంది

గొర్రెలు, పశువులు కొంత. పక్కనున్న కాజిల్‌టౌన్‌బేర్ దేశంలోని పెద్ద చేపల రేవుల్లో ఒకటి, అక్కడ పని కొంత. 2014లో ప్రభుత్వం పడమటి తీరమంతా కలిపి సుమారు 2,500 కిలోమీటర్ల పర్యాటక మార్గాన్ని ప్రకటించాక వేసవి రద్దీ పెరిగింది. చవకగా దొరికిన పాత ఇళ్లను దశాబ్దాల కిందటే కొనుక్కుని స్థిరపడిన చిత్రకారులు, యూరప్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఈ ద్వీపకల్పంలో ఉన్నారు. బౌద్ధ ధ్యాన కేంద్రం కూడా ఒకటుంది.

వేసవి ఆదాయంతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది ఇళ్ల ధర పెంచుతుంది గానీ శీతాకాలంలో ఊళ్లో దీపం వెలిగించదు. సెలవుల ఇల్లు కొనుక్కున్నవాళ్లు జులైలో వస్తారు. బడికి పిల్లలు కావలసింది జనవరిలో. ప్రాథమిక బడిలో ఎంతమంది టీచర్లుండాలన్నది పిల్లల సంఖ్యను బట్టి నిర్ణయిస్తారు. ఒక్క కుటుంబం వెళ్లిపోతే ఒక పోస్టు పోయే బళ్లున్నాయి. పోస్టు పోయిన బడికి కొత్త కుటుంబం రావడానికి వెనకాడుతుంది.

పబ్బులదీ ఇదే తీరు. ఐర్లాండ్‌లో పబ్బు అంటే తాగే చోటు మాత్రమే కాదు, మన రచ్చబండ లాంటిది. చావు కబురు, పొలం బేరం, ఆట గొడవ అన్నీ అక్కడే. 2005 తర్వాత దేశంలో సుమారు 2,000 పబ్బులు మూతపడ్డాయి. 2018లో తాగి నడిపే చట్టం గట్టిగా బిగించారు. ప్రాణాలు కాపాడే చట్టమే, కానీ బస్సు, టాక్సీ లేని చోట ఐదు కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా ఉండే ముసలాయన సాయంత్రాలు ఇంట్లోనే గడిపేస్తున్నాడు. అదే ఏడాది 150కి పైగా పోస్టాఫీసులు మూస్తున్నట్టు ప్రకటన వచ్చింది. వాటిలో చాలావరకు పల్లెల్లోవే. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతి నిర్ణయానికీ కారణముంది. అన్నీ ఒకే ఊరి మీద పడినప్పుడే తేడా తెలుస్తుంది.

ఆటది ఇంకో లెక్క. గేలిక్ ఆటల సంఘం 1884లో పుట్టింది, ఆలహీస్ గని మూతపడిన ఏడాదే. ఒక్కో పారిష్‌కు, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతానికి, ఒక క్లబ్బు అన్నది దాని పద్ధతి. ఆలహీస్ వైపు క్లబ్బు పేరు గార్నిష్. జట్టుకు 15 మంది కావాలి. చిన్న క్లబ్బులు పిల్లల జట్ల కోసం పక్క క్లబ్బులతో కలిసి ఆడక తప్పడం లేదు. పారిష్ పేరు మీద జట్టు దింపలేకపోవడం అక్కడివాళ్లకు జనగణన అంకె కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

గ్రాంటు చేయగలిగేది ఎంత

గ్రాంటు ఇంటిని బాగు చేస్తుంది. ఆలహీస్‌లో ఇళ్లు పాడైంది మాత్రం కప్పు కారి కాదు. జీతం పోయింది, మనుషులు పోయారు, ఆ తర్వాతే కప్పు కారింది. ఈ వరసను తిప్పి, ముందు కప్పు వేస్తే మనుషులు వస్తారా అన్నదే పథకానికి పరీక్ష. రావచ్చు కూడా, ఇంటి నుంచి చేసే ఉద్యోగం ఉంటే. 2019లో ఐర్లాండ్ పల్లెలకు ఫైబర్ ఇంటర్నెట్ కేబుల్ వేసే భారీ కాంట్రాక్టు కుదుర్చుకున్నది అందుకే. ఇళ్ల గ్రాంటు కంటే ఆ కేబుల్‌కే ఎక్కువ బలం ఉందనిపిస్తుంది, ఎందుకంటే అది ఇంటిని కాదు, జీతాన్ని ఊరికి తెస్తుంది. మేస్త్రీలు దొరక్క, మారుమూలకు సామాను తీసుకెళ్లే ఖర్చు భరించలేక పని మధ్యలో ఆగిపోయే అవకాశం కూడా తక్కువేం కాదు.

ఇక ఆలహీస్ ద్వీపకల్పం మీద ఉంది, దీవి కాదు. కాబట్టి అక్కడి శిథిల గృహానికి గరిష్ఠంగా 70,000 యూరోలే. 84,000 కావాలంటే కాజిల్‌టౌన్‌బేర్ నుంచి ఫెర్రీ ఎక్కి ఎదురుగా కనిపించే బేర్ ఐలాండ్‌కు వెళ్లాలి. అక్కడ ఉండేది 200 మందికి కాస్త పైన.

కార్క్ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లు ఆలహీస్‌లో ఇల్లు కొనడానికి చట్టం అడ్డు చెప్పదు. కార్క్ కౌంటీ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇల్లు రెండేళ్లుగా ఖాళీగా ఉందనడానికి పాత కరెంటు బిల్లుల్లాంటి రుజువులు, కాంట్రాక్టర్ కొటేషన్లు జతచేయాలి. వర్క్ పర్మిట్ మాత్రం కంపెనీకి ముడిపడి ఉంటుంది. ఆ ఆఫీసు నుంచి ఆలహీస్ సుమారు 150 కిలోమీటర్లు. చివరి భాగమంతా ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిన రోడ్డు.